బీజక్షేత్రవాదము – మెండెల్ లెక్క

సంతానము తండ్రిదా, తల్లిదా యను ప్రశ్న మన దేశమున మిగుల ప్రాచీనమైనది. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున దీనిని గూర్చి పెద్ద చర్చయే కలదు. స్త్రీ క్షేత్రమనియు, పురుషుడు బీజమనియు, ఈ రెంటిలో బీజమే శ్రేష్ఠమనియు, ఏ విత్తు నాటిన ఆ పైరే మొలచుననియు స్మృతికారుడు సెలవిచ్చినాడు. ఇంతవఱకు వినుటకు సుబోధముగనే యున్నది. కాని యదే యధ్యాయమున కొంతదూరము పోగా, ఒరుల పొలమున విత్తనములు చల్లినవానికి పంట దక్కదనియు, ఒకని యాబోతు మఱియొకని యావులయందు నూఱు దూడలను పుట్టించినను ఆ దూడలు ఆవులు గలవానివే యనియు చెప్పబడినది. బీజము గొప్పదన్న నోటితోనే పంటను క్షేత్రస్వామి కప్పగించిరి. ఇది సంతానముపై హక్కెవరిదో తేల్చుటకు వ్రాసిన ధర్మశాస్త్రము. ఈ మాటలను ప్రకృతిధర్మముగా చదువుకొనుటలోనే మనవారు పొరపడిరని నా యభిప్రాయము.

వైద్యులు స్మృతికారులకన్న కొంత న్యాయముగా నుండిరి. చరకసంహిత శారీరస్థానమున చర్మము, రక్తము, మాంసము, మేదస్సు, హృదయము మొదలైనవి మాతృజములనియు, కేశములు, గోళ్లు, దంతములు, ఎముకలు మొదలైనవి పితృజములనియు పంచి పెట్టిరి. పంపకము తప్పే కాని, తల్లికిని వాటా యున్నదని యొప్పుకొనుట చిన్న విషయము కాదు. యవన దేశమున అరిస్టాటిల్ అంతటివాడు తల్లి ద్రవ్యమును మాత్రమిచ్చుననియు, రూపము నిచ్చువాడు తండ్రియే యనియు వ్రాసెను. కావున ఈ పక్షపాతము మన యొక్కరి సొత్తు కాదు.

శాస్త్రము చదువని మన పల్లెవారి కన్నులు మాత్రము వేఱు విధముగా చూచినవి. పురిటింటికి వచ్చిన ముత్తైదువ బిడ్డ మొగము చూచి మొదట పలుకు మాట ‘మేనమామ పోలిక’ యని. బీజము తండ్రిదే యైనచో ఈ మేనమామ ముక్కు బిడ్డ మొగమున కెట్లు వచ్చెనో యని యెవరును ప్రశ్నించుకొనలేదు. ఆ ముక్కు తల్లి ముఖమున కనబడకున్నను, ఆమె దానిని దాచియుంచి బిడ్డకు దాటించినదన్న మాట. కనబడని గుణము కూడ ఒకరినుండి యొకరికి సంక్రమించునను ఈ సంగతియే అనువంశిక శాస్త్రమునకు మూలము.

నేను తెలుగు బోధించువాడను. ప్రకృతిశాస్త్రము బోధించు మిత్రుడు సెలవుపై నున్న దినములలో పదవ తరగతి అనువంశికత పాఠము నా మెడకు పడినది. బల్లపై బఠాణీల బొమ్మలు వ్రాసి, గుండ్రనివి, ముడుతలు పడినవి యని లెక్క చెప్పుచుండగా వెనుక వరుసలోని యొక బాలిక లేచి యిట్లడిగెను: “మాస్టారూ, మేము నలుగురము ఆడపిల్లలము. మా అమ్మది పొల్లు పండు చేనని మా నాయనమ్మ అనును. పొల్లు విత్తనములో నుండునా, చేనిలో నుండునా?”

తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు. రెండు వేల యేండ్ల నాటి బీజక్షేత్రవాదము ఒక కాపు ఇంటి నట్టింట నిలిచి ఆ పిల్ల తల్లిని ప్రతిదినమును నిందించుచున్నది. ఆ బాలికకు నాడు చెప్పిన సమాధానము తొందరపాటున చెప్పినది. ఇక్కడ కొంత వివరముగా వ్రాయుచున్నాను.

గ్రెగర్ మెండెల్ 1822లో నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని హైన్ట్‌సెండార్ఫ్ అను పల్లెలో కాపు కుటుంబమున పుట్టినవాడు. బ్రూన్ నగరమున సెయింట్ థామస్ మఠమున సన్న్యసించి, బడిపంతులుగా పనిచేసెను. ఉపాధ్యాయ పట్టా పరీక్షకు రెండుమార్లు పోయి రెండుమార్లును కృతార్థుడు కాలేకపోయెను. పరీక్షలో నెగ్గని మన పిల్లల తలిదండ్రులకు ఈ సంగతి నేను తఱచు చెప్పుచుందును. ఆయన 1856 మొదలు 1863 వఱకు మఠపు పెరటిలో సుమారు 28,000 బఠాణీ మొక్కలను పెంచి పరీక్షించెను. బఠాణీపువ్వు తన పుప్పొడితో తానే ఫలించును. కావున కృత్రిమముగా పుప్పొడి మార్చినగాని సంకరము కలుగదు. పువ్వు విచ్చక మునుపే కేసరములను గిల్లివేసి, వేఱొక మొక్క పుప్పొడిని కుంచెతో నద్ది, ఆ పువ్వుకు సంచి తొడిగి, కాయ యెండువఱకు కావలి కాయవలెను. ఇది యెనిమిదేండ్ల పని.

గుండ్రని గింజల మొక్కను ముడుత గింజల మొక్కతో సంకరము చేయగా పుట్టిన గింజలన్నియు గుండ్రనివే. ముడుత గుణము నశించినట్లే తోచును. ఆ గింజలను నాటి వాని పువ్వులను తమంతట తామే ఫలింపనీయగా 5,474 గుండ్రని గింజలును, 1,850 ముడుత గింజలును వచ్చినవి. పసుపు, పచ్చ రంగుల విషయమున 6,022కు 2,001. ఇంచుమించు మూడింటికి ఒకటి. నశించినదనుకొన్న గుణము మనుమల తరమున చెక్కు చెదరక వెలువడినది. పాలలో నీరు కలిపినట్లు తలిదండ్రుల గుణములు కలిసిపోవునని అంతకు ముందు పండితుల నమ్మకము. మెండెల్ లెక్కలో ఏ గుణమును కలిసిపోలేదు. ప్రతి గుణమునకును ప్రతి ప్రాణియందు రెండు కణికలుండును. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. సంతానమునకు వానిలో ఒక్కటి మాత్రమే, ఏది చేతికి వచ్చిన నది, సంక్రమించును. రెండును వేఱు వేఱైనచో ఒకటి పైకి కనబడును, మఱియొకటి లోపల నణగియుండును. వీనినే పాఠ్యపుస్తకములు బహిర్గత, అంతర్గత లక్షణములనుచున్నవి. ఆ కణికలకు తరువాతివారు పెట్టిన పేరు జన్యువులు.

గుండ్రని గింజలన్నియు ఒక్క తీరువి కావనియు ఆయన కనిపెట్టెను. అట్టి గింజలనుండి పెంచిన 565 మొక్కలలో 193 మాత్రమే వరుసగా గుండ్రని గింజలనే యిచ్చినవి. తక్కిన 372 మొక్కలు లోపల ముడుతను మోయుచునే యున్నవి. పైకి నిర్దోషముగా నున్న మూడు గింజలలో రెండు మోపరులన్న మాట. మనుష్యుల వ్యాధుల విషయమున ఈ లెక్కయే ముఖ్యము.

ఇంతకన్న మన ప్రశ్నకు సూటియైన సంగతి మఱియొకటి కలదు. మెండెల్ ప్రతి సంకరమును రెండు తెఱగుల చేసెను: ఒకమారు గుండ్రని మొక్క పుప్పొడిని ముడుత మొక్క పువ్వుకును, మఱియొకమారు ముడుత మొక్క పుప్పొడిని గుండ్రని మొక్క పువ్వుకును అద్దెను. అనగా బీజమును క్షేత్రముగను, క్షేత్రమును బీజముగను మార్చి చూచెను. ఫలితమున రవంతయు భేదము లేదు. మనువు, అరిస్టాటిల్ వాదించిన వ్యాజ్యమునకు తీర్పు ఈ పెరటిలో చెప్పబడినది. ఆ తీర్పు 1865లో ఫిబ్రవరి, మార్చి నెలలలో బ్రూన్ నగరపు విద్వత్సభ యెదుట చదువబడి, 1866లో అచ్చయినది. విన్నవారు ఊరకుండిరి. మెండెల్ 1884లో చనిపోయెను. 1900లో డీ వ్రీస్, కొరెన్స్, చెర్మాక్ అను మువ్వురు వేర్వేరుగా అదే మార్గమున నడచి, ఆ పాత సంచికను వెదకి తీసిరి.

ఇక ఆడపిల్లల మాట. 1905లో అమెరికాలో నెటీ స్టీవెన్స్ అను విదుషి పిండిపురుగుల కణములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, మగపురుగు బీజకణములలో రెండు రకములున్నవనియు, ఒక రకము పెద్ద క్రోమోజోమును, రెండవది దాని స్థానమున మిక్కిలి చిన్నదానిని కలిగియున్నదనియు, బిడ్డ ఆడదగుట, మగదగుట దీనిపై నాధారపడుననియు ప్రకటించెను. ఆ యేటనే విల్సన్ అను పండితుడును అట్టి నిర్ణయమునకే వచ్చెను. మనుష్యులలోను ఇంతే. తల్లి ఎప్పుడును ఎక్స్ క్రోమోజోమునే ఇచ్చును. తండ్రి ఎక్స్ నిచ్చిన ఆడపిల్ల, వై నిచ్చిన మగపిల్లవాడు. నలుగురు కుమార్తెలు పుట్టినచో ఆ నాలుగు పర్యాయములును భేదము తండ్రి బీజమునుండియే వచ్చినది. బీజము శ్రేష్ఠమని వాదించువారు ఈ యొక్క చోట తమ మాటను నిలుపుకొందురుగాక; అప్పుడు నిందయు వారిదే యగును. నిజమునకు ఇందు నింద యెవరికిని లేదు, అది బొమ్మా బొరుసుల వంటిది. ఆడపిల్లలు పుట్టిరను నెపమున రెండవ పెండ్లి చేసికొన్న మగవారు రెండవచోటికిని తమ వెంట గొనిపోయినది ఆ పాత బీజమునే కదా!

తండ్రినుండి కొడుకునకు మాత్రమే పోవు గుణమేదైన నున్నదా యని వెదకిన కథ యొకటి మన తెలుగు దేశమునకు సంబంధించినది. దానిని వదలలేకున్నాను. ఇంగ్లండున పేరెన్నికగన్న జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఆ దేశమును విడిచి కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరెను. ఆయన శిష్యులలో పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. చెవి డిప్పపై దట్టముగ రోమములు మొలచుట మన వారిలో కొన్ని కుటుంబముల మగవారికి కలదు. ఈ యువకుడు ఆంధ్రదేశపు వంశవృక్షములను సేకరించి, ఈ గుణము తండ్రినుండి కొడుకునకు వై క్రోమోజోము ద్వారా వచ్చుచున్నట్లు 1960లో ప్రకటించెను. ఆ మీదట ఇది పాఠ్యపుస్తకములలో నిలిచిపోయినది. కాని 2004లో ఇంగ్లండులోని పరిశోధకులు దక్షిణ భారతదేశపు రోమకర్ణుల వై క్రోమోజోములను పరీక్షింపగా, అవి యితరుల వాని కంటె భిన్నముగ లేవని తేలినది. మగవారికే కనబడుట వేఱు, మగవారినుండియే వచ్చుట వేఱు. మా బడిలోని పాత ప్రశ్నపత్రములలో రోమకర్ణముల ప్రశ్న ఇంకను కనబడుచునే యున్నది.

ఇదే ద్రోణంరాజు, వైద్యుడగు మీరాఖాన్‌తో కలిసి, ఆంధ్రదేశపు మేనరికములను గూర్చి 1960లోను, 1963లోను వ్యాసములు ప్రకటించెను. మేనమామను మేనకోడలు పెండ్లాడు ఆచారము ప్రపంచమున అరుదు. హాల్డేనునకు అది మిక్కిలి విలువగల విషయముగ తోచుటలో వింత లేదు. మన సంఘసంస్కర్తలు మేనరికమును నిందించిరి, మన పెద్దలు సమర్థించిరి. లెక్క వేసి చూచినవారు అప్పటికి అరుదు.

ఈ యాచారము మనకు నిన్న మొన్నటిది కాదు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని పెండ్లాడుట దక్షిణదేశీయుల ప్రత్యేకాచారములలో నొకటియని బౌధాయన ధర్మసూత్రము చెప్పుచున్నది. మనుస్మృతి పదునొకండవ యధ్యాయము ఈ వివాహములను స్పష్టముగ నిషేధించినను, మనవారు మనువుయొక్క బీజవాదమును గైకొని ఈ నిషేధమును విడిచిరి. మన గోత్రములు తండ్రి వంశమునే లెక్కించును. అక్క కూతురు వేఱొక గోత్రమున పుట్టినది గావున పరాయిది. పది తరముల వెనుక విడిపోయిన సగోత్రురాలు మాత్రము చెల్లెలు! ఇదియు బీజక్షేత్రవాదపు ఫలమే. 1955 నాటి హిందూ వివాహ చట్టము కూడ సపిండత్వమును తండ్రి వైపున అయిదు తరములు, తల్లి వైపున మూడు తరములు లెక్కించినది. ఆచారమున్నచోట మేనరికమును అనుమతించినది.

మెండెల్ లెక్క ప్రకారము చూతము. ఒకానొక అరుదైన వ్యాధికి సంబంధించిన అంతర్గత జన్యువును నూటికి ఒకరు మోయుచున్నారనుకొందము. సంబంధము లేని యిద్దఱు పెండ్లాడినచో ఇద్దఱును మోపరులగుట పదివేలలో ఒక పాలు. వారికి పుట్టు బిడ్డకు రెండు కణికలును దుష్టములే వచ్చుట నాలుగింట ఒక పాలు. వెరసి నలుబదివేలలో ఒకటి. వరుడు మోపరియై, వధువు అతని మేనమామ కూతురైనచో, ఆమెయు అదే కణికను తాత మామ్మలనుండి పొందియుండుటకు ఎనిమిదింట ఒక పాలు అవకాశము. అప్పుడు లెక్క 3,200లో ఒకటి. అక్క కూతురైనచో ఆ యవకాశము నాలుగింట ఒకటి, లెక్క 1,600లో ఒకటి. వధూవరుల బంధుత్వము తల్లి వైపునను, తండ్రి వైపునను ఒకే తూకమున తూగును. గోత్రము మాఱిన కణిక మాఱదు. 1902లోనే లండనులో గారాడ్ అను వైద్యుడు, మూత్రము నల్లబడు ఒక వింత వ్యాధి గల పిల్లల తలిదండ్రులు పలుచోట్ల దగ్గఱ బంధువులే యగుటను గమనించి, దానిని మెండెల్ సూత్రముతో ముడిపెట్టెను. మనుష్యవ్యాధికి ఆ సూత్రము నన్వయించుట అదే మొదలు.

అయితే మేనరికము చేసికొన్న ప్రతి యింటను అంగవైకల్యము తప్పదనుట కూడ అసత్యమే. అట్లు భయపెట్టినచో, పదిమంది ఆరోగ్యవంతులగు మేనరికపు బిడ్డలను చూపి పల్లెవారు మనలను నోరు మూయింతురు. వేలూరి వైద్య కళాశాలవారు 1977లో ప్రకటించిన తమిళదేశపు పరిశోధనలో గొప్ప భేదము కనబడలేదు. పలు దేశముల లెక్కలను కూర్చి 2010లో ప్రకటించిన యొక వ్యాసమున, మేనత్త మేనమామ బిడ్డల వివాహములందు పుట్టిన సంతానములో చిన్నతనపు మరణములు నూటికి సుమారు 3.5 అధికమని తేలినది. నూటికి మూడున్నర యనగా ప్రళయము కాదు. మూడున్నర మంది తల్లులకు మాత్రము ప్రళయమే.

ఇప్పుడు మా యూరి కొండల వంక చూతము. గొలుగొండ తూర్పు కనుమల పాదమున నున్నది. 2022 ఏప్రిలు వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది, అటుపిమ్మట అనకాపల్లి జిల్లాలోనిది. 1922లో అల్లూరి సీతారామరాజు ముట్టడించిన కృష్ణదేవిపేట ఠాణా ఈ మండలములోనిదే. ఆయన సమాధియు అక్కడనే యున్నది. పైనున్న గూడెము కొండలు తిరుగుబాటులకు ఎంత పేరు పొందినవో చలిజ్వరములకు అంత పేరు పొందినవి. కొండ యెక్కిన పల్లపు సిపాయి తుపాకి గుండుకన్న మన్యపు జ్వరమునకే యెక్కువ భయపడెడివాడు. ఆ మలేరియాలోనే తరతరములు బ్రతికిన కొండవారికి అది చెల్లించిన పరిహారము, తీసికొన్న వెల, రెండును ఒక్క జన్యువున నున్నవి.

ఎఱ్ఱ రక్తకణము గుండ్రముగ నుండక కొడవలివలె వంగుటను 1910లో షికాగోలో హెరిక్ అను వైద్యుడు వర్ణించెను. అది మెండెల్ లెక్క ప్రకారము సంక్రమించునని 1949లో నీల్, బీట్ అనువారు వేర్వేరుగా చూపిరి. రెండు దుష్టకణికలు గలవానికి ఒడలి నొప్పులు, రక్తహీనత, అకాలమరణభయము. ఒక్కటి మాత్రమే గలవాడు ఆరోగ్యవంతుడు. అంతేకాదు, ప్రాణాంతకమగు మలేరియా వానిని సులభముగ చంపలేదు. దీనిని 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో నిరూపించెను; ఇట్టి యూహను వేఱొక రక్తవ్యాధిని గూర్చి 1949 నాటికే ముందుగా వెలిబుచ్చినవాడు మన హాల్డేనే. భారతదేశమున ఈ కొడవలి కణములు 1952లో నీలగిరుల కొండజాతులలో మొదట కనబడినవి. మన విశాఖ మన్యములోను కలవు.

అరుదైన వ్యాధికి మేనరికము చేసినంత చెఱుపు ఇట్టి వ్యాపించిన జన్యువునకు చేయదు. మోపరులు పెక్కుమంది యున్నచోట పరాయి సంబంధము తెచ్చినను పరాయిపిల్లయు మోపరియే కావచ్చును. కావున మేనరికము మానుడని కొండకు పోయి యుపన్యసించు సంస్కర్త అక్కడ సగము పనియే చేయును; రక్తము పరీక్షింపవలెను. ప్రభుత్వము 2023 జూలై 1న ఆరంభించిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము నలుబదేండ్ల లోపువారికి ఈ పరీక్షను ఉద్దేశించినది. ఇద్దఱు మోపరులకు పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక పాలు వ్యాధి, రెండు పాళ్లు మోపరితనము, ఒక పాలు విముక్తి. ఒక బిడ్డ వ్యాధిగ్రస్తుడైనంత మాత్రమున తరువాతి మువ్వురును క్షేమమని కాదు. ప్రతి కానుపునకును పాచిక క్రొత్తగా పడును. ఈ మాట నేను చెప్పగా చదువుకొన్నవారే నమ్మరు.

మా బడికి కొండ గూడెముల పిల్లలు కొందఱు వచ్చుచుందురు. ఒక బాలునికి వ్యాధి బయటపడినప్పుడు వాని తండ్రిని పిలిపించితిమి. “మా వంశములో ఎవ్వరికిని లేదు బాబూ, తల్లికి చూడుడు, చాలును” అని యతడు చేతులు వెనుకకు పెట్టుకొనెను. ఆమె యొక మూల నిలిచి నేల చూచుచుండెను. నేను పలకపై నాలుగు గళ్ల పట్టిక గీసి, జబ్బుగల గడిలోనికి రావలెనన్న రెండు గింజలు కావలెననియు, తల్లి ఒక్కటియే ఇయ్యగలదనియు, రెండవది ఎక్కడనుండి వచ్చెనో నీవే చెప్పుమనియు అడిగితిని. చింతగింజలు పెట్టి చూపితిని. అతడు గింజలను చాలసేపు అటునిటు జరిపి చూచి, మఱునాడు వచ్చెదనని వెడలిపోయెను. మఱునాడు రాలేదు. వారము దాటిన పిమ్మట సంతకు దిగినప్పుడు, భార్యను వెంటబెట్టుకొని వచ్చి, వ్రేలు చాచెను.